బొమ్మ క్రింది పేరు

ఉషాపరిణయ కథను మీరందఱును వినియే యుందురు. కలలో గాంచిన రాకుమారు డెవరో తెలియక ఉష పరితపించుచుండగా, ఆమె చెలికత్తె చిత్రరేఖ రాకుమారుల రూపములను పటముపై వ్రాసి చూపెను. అందు అనిరుద్ధుని గాంచి ఉష గుర్తించెను. ఆ పటము నేడు లేదు. వ్రాసిన యామె పేరు మాత్రము నిలిచియున్నది. మన పూర్వకవులును కావ్యమున ప్రతి యాశ్వాసము చివరను గద్యము వ్రాసి, అందు తమ తండ్రి పేరును తమ పేరును చెప్పుకొనిరి. అది గర్వము గాదు. కృతి యెంత దూరము పోయినను, దాని పుట్టినింటి గుర్తు పేరొక్కటియే.

ఈ మాట యిప్పు డేల యందురేమో. మా ఆడబిడ్డ చిత్రములు వ్రాయును. క్రిందటి సంక్రాంతికి ముందు, గొబ్బెమ్మల చుట్టు చేరి పాడుచున్న కన్నెపిల్లల బొమ్మనొకదానిని పదునొకండు దినములు కూర్చుండి వ్రాసి, కుడిమూలను తన పేరు పెట్టి, అంతర్జాలమున తన పుటలో నుంచెను. పండుగనాటికే యొక బట్టల దుకాణమువారి ప్రకటనలో ఆ బొమ్మ కనబడెను. పేరు మాత్రము లేదు. ఆ మూలను కోసివైచి, అచ్చట తగ్గింపు ధరల పట్టీ యతికించిరి.

పిల్ల కంటతడి పెట్టెను. మావారు ఓదార్చుచు, “పోనిమ్మమ్మా, నీ బొమ్మను పదిమందియు చూచిరి గదా” యనిరి. “బొమ్మను చూచిరి గాని, నన్ను చూడలేదన్నయ్యా” యని యామె బదులు చెప్పెను. ఇరుగుపొరుగువారు, “అందఱకును కనబడునట్లు పెట్టినది తానే కదా, ఇంక నేమి తప్పు?” అనిరి. అందులకు మా అత్తగారు, “వాకిట ముగ్గు పెట్టితిమని వాకిలి వీధివారి దగునా?” యని యడిగిరి. ఆ ప్రశ్నకు మఱి యెవరును మాఱుపలుకలేదు.

చట్టము గూడ అత్తగారి పక్షముననే యున్నది. మన దేశపు కాపీరైటు చట్టము 1957 నాటిది. దాని ప్రకారము చిత్రము వ్రాసిన తోడనే హక్కు చిత్రకారిణికి కలుగును. నమోదు చేయించుకొనుట మంచిదే గాని, చేయించుకొననందున హక్కు పోదు. ఆ హక్కు ఆమె జీవితకాలమును, ఆ మీదట 60 సంవత్సరములును ఉండును. కావుననే 1906లో గతించిన రవివర్మ చిత్రములను నేడెవరైనను అచ్చువేయవచ్చును. కాని 1992లో గతించిన వడ్డాది పాపయ్యగారి బొమ్మలును, 2014లో గతించిన బాపుగారి బొమ్మలును ఇంకను హక్కుగలవియే. పాతవిగా గనబడినంత మాత్రమున అవి యెల్లరి సొత్తు గావు. స్వంత చదువునకును, విమర్శకును న్యాయమైనంత మేరకు వాడుకొన వచ్చును. వ్యాపార ప్రకటనకు అనుమతి కావలయును.

హక్కును అమ్మివైచినను పోని దొకటి కలదు. అది, ఇది నా కృతి యని చెప్పుకొనుటకును, గౌరవభంగమగునట్లు కృతిని వికృతము చేసినప్పుడు అడ్డుచెప్పుటకును గల యధికారము. 57వ సెక్షనులో నున్నది. శిల్పి అమరనాథ్ సెహగల్ ఢిల్లీలోని విజ్ఞానభవనమునకై చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పమును 1979లో ఊడదీసిరి. ఆయన న్యాయస్థానమున పోరాడగా, మిగిలిన భాగములను ఆయనకు తిరిగి యిచ్చి, 5 లక్షల రూపాయల పరిహారము చెల్లింపవలసినదని ఢిల్లీ హైకోర్టు 2005లో తీర్పు చెప్పెను. ఆ శిల్పమును చేయించుకొన్నది ప్రభుత్వమే యైనను తీర్పు అట్లు వచ్చెను. ఇక 2012 సవరణవలన, కృతిపై నుండు కర్త పేరు మొదలగు హక్కు గుర్తులను తెలిసియుండి అధికారము లేక తొలగించుట 65బి సెక్షను క్రింద నేరమైనది. దానికి రెండేండ్లవఱకు కారాగారమును, జరిమానాయును గలవు.

మా ఆడబిడ్డ యేమి చేసెనో చెప్పెదను. మీలో నెవరికైన నుపకరించును. ఆమె కోపమున దుకాణమువారిని పదిమందిలో దూషింపలేదు. మొదట సాక్ష్యము కూర్చెను. ప్రకటన స్క్రీన్‌షాటును, పుట చిరునామాను, తేదీని, తన పెన్సిలు చిత్తుబొమ్మను, అసలు పటము ఛాయాచిత్రమును ఒకచోట భద్రపఱచెను. గూగుల్ లెన్సులో బొమ్మను పెట్టి వెదకగా, మఱి రెండుచోట్ల గూడ కనబడెను. పిదప దుకాణమువారికి మర్యాదగా లేఖ వ్రాసెను: బొమ్మను తీసివేయుడు, లేదా పేరు వేసి తగిన రుసుము నిండు అని. వారము దినములు చూచినను ప్రత్యుత్తరము రాలేదు.

అప్పుడు ఆ ప్రకటన నుంచిన వేదికవారికే కాపీరైటు ఫిర్యాదు పంపెను. పెద్ద వేదికలన్నిటను ఇందులకు పత్రము కలదు, రుసుము లేదు. 2013 నాటి కాపీరైటు నియమముల ప్రకారము, తగిన వివరములతో వ్రాతపూర్వకమైన ఫిర్యాదు చేరి, అది నిజమని తోచినచో, వేదికవారు 36 గంటలలో ఆ ప్రతిని జనులకు అందకుండ చేయవలయును. ఆ నిలుపుదల 21 దినములు. ఆలోపల న్యాయస్థానపు టుత్తరువు తేకున్నచో, వారు మరల చూపవచ్చును. కావున ఫిర్యాదుతోనే పని తీరినదని నిద్రపోరాదు.

మూడవనాడు ప్రకటన పోయెను. నాల్గవనాడు దుకాణమువారు ఫోను చేసి, ప్రకటన కట్టినవాడు అంతర్జాలమున దొరకినదని తెచ్చెనని చెప్పి, అడిగిన రుసుములో సగ మిచ్చిరి. ఆమె యంగీకరించెను. అప్పటికే పంచిపెట్టిన సంచులపై నున్న బొమ్మలు మాత్రము తిరిగి రాలేదు. కొన్ని నష్టములు అట్టివే.

ఇపు డామె బొమ్మలను చిన్న పరిమాణముననే అంతర్జాలమున నుంచుచున్నది. పేరును మూలను గాక, కోయుటకు వీలులేనట్లు బొమ్మ నడుమకు జరిపినది. అసలు ప్రతిని ఎవరికిని పంపదు. ఎవరైన సొమ్మిచ్చి బొమ్మ వ్రాయించుకొన్నచో, హక్కు ఎవరిదో ముందే కాగితముపై వ్రాయించుకొనుచున్నది. ఏలయన అట్టి యొడంబడిక లేనియెడల, సొమ్మిచ్చి వ్రాయించుకొన్న పటముపై హక్కు వ్రాయించుకొన్నవారిదే యగును.

ఇంతయు చెప్పిన పిమ్మట నా తప్పును దాచరాదు. దుకాణమువారిని నేనును తిట్టితిని. ఒకనా డామె నా ఫోను చేతబట్టి, ఉగాదికి నేను చుట్టములందఱకును వాట్సాపులో పంపిన లక్ష్మీదేవి బొమ్మను చూపి, “వదినా, ఇది యెవరు వ్రాసినది?” అని యడిగెను. నాకు తెలియదు. అడుగవలెనని తోచనైన లేదు. ఆమె వెదకి చూపినది: అది ఇంకొక చిత్రకారిణి వ్రాసినది, నాకు వచ్చునప్పటికే దాని మూల కోయబడి యున్నది. ఆ మూలను నేను కోయలేదు. కాని కోసినదానిని నలువది యిండ్లకు చేర్చినదానను నేనే. నాకు మిక్కిలి సిగ్గు కలిగెను. ఆ చుట్టములందఱకును ఆమె పేరు వ్రాసి మరల పంపితిని.

సోదరీమణులారా, ఇంటనుండు మనకు న్యాయస్థానము దూరముగా దోచవచ్చును. కాని ఈ న్యాయము మన చేతిలోని ఫోనులోనే మొదలగును. పండుగకు బొమ్మ పంపుటకు ముందు, దాని క్రింద పేరున్నదా యని యొక్కసారి చూడుడు. లేకున్నచో వెదకుడు. దొరకకున్నచో, ఆ బొమ్మను మానుకొని, మీ వాకిటి ముగ్గునే మీ పేరుతో పంపుడు.