బకెట్లో ఒకటి, సీసాల్లో ఒకటి

ఆఫీసు పని మీద ఓరెగన్‌లోని హిల్స్‌బరోలో ఉన్న రెండేళ్లలో దాదాపు ప్రతి ఆరో శనివారం ఒక సహోద్యోగి గ్యారేజీలో గడిపాను. ఆయన ఇంట్లోనే బీరు కాచుకునేవాడు. నాది సాయం పట్టే పని: సీసాలు కడగడం, కాగుతున్న మాల్టు కషాయం పొంగకుండా చూడడం, చివర్లో మూతలు బిగించడం. ఆ గ్యారేజీ గోడకి ఒక క్యాలెండరు వేలాడేది. కాచిన రోజు, సీసాల్లో పోసిన రోజు, తెరిచి తాగదగిన రోజు, మూడింటికీ మూడు రంగుల గుర్తులు. "ఇంత లెక్క దేనికి? అయిపోయినప్పుడు మళ్లీ కాచుకోవచ్చుగా" అన్నాను మొదటిసారి. "నువ్వు వారానికి ఎన్ని సీసాలు తాగుతావు?" అని అడిగాడాయన. నా దగ్గర జవాబు లేదు. మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో పన్నెండేళ్లు ఉద్యోగం చేశాను, స్నేహితులతో ఎన్నో శుక్రవారాలు కూర్చున్నాను. ఆ ఒక్క అంకె మాత్రం ఏనాడూ లెక్కపెట్టుకోలేదు.

ఇంట్లో కాచుకునేవాళ్లకి ఆ అంకె లేకుండా పని మొదలవదు. అమెరికాలో మామూలుగా ఒక విడత అంటే 5 గ్యాలన్లు, మన లెక్కలో 19 లీటర్లు. అడుగున పేరుకునే ఈస్ట్ మడ్డి పోగా 330 మిల్లీలీటర్ల సీసాలు 50 దాకా వస్తాయి. ఆ ఇంట్లో భార్యాభర్తలు, వచ్చిపోయే స్నేహితులు కలిసి వారానికి 8 సీసాలు తాగేవారు. ఒక విడత ఆరు వారాలకు సరిపోయేది. ఇక రెండో లెక్క. కాచిన కషాయం బకెట్లో పులియడానికి రెండు వారాలు. కొద్దిగా చక్కెర కలిపి సీసాల్లో పోశాక గ్యాసు పట్టి రుచి కుదురుకోవడానికి ఇంకో రెండు మూడు వారాలు. మొత్తం ఐదు వారాలనుకుంటే, ఆ ఐదు వారాల్లో ఇంట్లో 40 సీసాలు ఖర్చవుతాయి. కాబట్టి అలమరలో ఇంకా 40 సీసాలు ఉండగానే తర్వాతి విడత పొయ్యెక్కాలి. అంటే కొత్త విడతలో పట్టుమని పది సీసాలు తెరిచేలోగా మళ్లీ కాచాలి. బకెట్లోనో సీసాల్లోనో ఒకటి మాగుతూ ఉండాలి, ఇంకొకటి తాగుతూ ఉండాలి. ఈ వరస తప్పకపోతే ఏడాదికి తొమ్మిది విడతలు, సుమారు 170 లీటర్లు.

నేను సొంతంగా కాచిన తొలి విడతలో ఈ వరస పాటించలేదు. అది ముదురు రంగు పోర్టర్. సీసాల్లో పోసి వారం తిరక్కుండానే తెరవడం మొదలుపెట్టాం. పచ్చి వాసన, నాలుక మీద గరుకు. అయినా మనం చేసిందే కదా అన్న మురిపెంతో మూడు వారాల్లో దాదాపు అన్నీ ఖాళీ చేశాం. అలమరలో వెనక్కి జరిగిపోయిన మూడు సీసాలు మూడు నెలల తర్వాత కంటపడ్డాయి. వాటి రుచి పూర్తిగా వేరు. గరుకు పోయి, కాల్చిన గింజల కమ్మదనం పైకి తేలింది. ఒకే గిన్నెలో కాగినదే. చేయడం తెలిసిన మాకు ఆగడం తెలియక 47 సీసాలు పచ్చిగా తాగేశాం.

అన్నీ మాగాలని కాదు. గోధుమ బీరు తాజాగానే బాగుంటుంది. హాప్స్ వాసనే ప్రాణమైన ఐపీఏ రెండు మూడు నెలలు దాటితే ఆ వాసన పోగొట్టుకుంటుంది. లాగర్‌కి పులిశాక చల్లని చోట కొన్ని వారాల విశ్రాంతి కావాలి. ఆ పేరు వచ్చిందే నిలవ చేయడం అన్న అర్థమున్న జర్మన్ మాట నుంచి. బార్లీవైన్ లాంటి ఘాటైనవి ఏడాది ఆగినా ఇంకా మెరుగవుతూనే ఉంటాయి. అందుకే మా సహోద్యోగి చలికాలంలో ఒక్క విడత ఘాటుది కాచి పక్కన పెట్టేవాడు. మూడు నెలలకోసారి ఒక్క సీసా తెరిచి, ఎలా మారిందో పుస్తకంలో రాసుకునేవాడు.

ఆ పుస్తకం గురించి ఇంకొంచెం చెప్పాలి. కాచిన రోజున హైడ్రోమీటరు ముంచి కషాయం చిక్కదనం రాసేవాడు, ఉదాహరణకి 1.050. పులిశాక మళ్లీ ముంచితే 1.012. ఆ తేడాను బట్టి ఆల్కహాలు 5 శాతమని తేలుతుంది. మూడు రోజుల తేడాతో రెండుసార్లు చూసి అంకె కదలకపోతేనే సీసాల్లో పోసేవాడు. తొందరపడి పోస్తే మిగిలిన చక్కెర సీసాలోనే పులిసి, గ్యాసు ఒత్తిడికి సీసా పగులుతుంది. వాసన చూసి, బుడగలు చూసి చెప్పగల అనుభవం ఆయనకి ఉంది. ఐనా కొలిచేవాడు.

ఇదంతా అక్కడ చట్టం ఒప్పుకున్న పని. అదీ మొదటినుంచీ లేదు. 1933లో మద్యనిషేధం ఎత్తేశాక ఇంట్లో వైన్ చేసుకోవడానికి అనుమతి వచ్చింది గానీ బీరుకి రాలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఆ లోటు తీరింది. ఒక్క వయోజనుడే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు, అంటే 757 లీటర్లు. అమ్మకూడదు. సారా బట్టీ పెట్టకూడదు. రాష్ట్రాలు తమ చట్టాలు మార్చుకోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అలబామా, మిసిసిపీ ఒప్పుకున్నది 2013లో. బ్రిటన్‌లో 1963లోనే ఇంటి బీరుకి లైసెన్సు అక్కర్లేదన్నారు. జపాన్ ఇంకో దారిలో ఉంది. ఆల్కహాలు 1 శాతం లేదా అంతకు మించి ఉండే పానీయాన్ని ఇంట్లో పులియబెట్టడం ఇప్పటికీ నిషిద్ధం. అయితే కొనుక్కున్న మద్యంలో ఉమే కాయలు నానబెట్టి ఉమేషు చేసుకునే అలవాటు ఇళ్లలో ఎంత పాతుకుపోయిందంటే, 1962లో దానికి చట్టంలో చోటు కల్పించారు. అభివృద్ధి చెందిన దేశాలన్నీ ఒకేలా లేవన్నది గుర్తుంచుకోవాలి. ఏది ఒప్పుకున్నా, ఏది వద్దన్నా, గీత ఎక్కడ గీశారో మాత్రం స్పష్టంగా గీశారు.

ఇక్కడ తెలంగాణ ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఏ మద్యాన్నీ తయారు చేయకూడదు. కొండాపూర్‌లో తిరిగి కాపురం పెట్టిన నాటి నుంచి నేను కాచలేదు, కాచను. ఈ కట్టుబాటు వెనక చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. గుడుంబా ఎన్ని ఇళ్లు కూల్చిందో తెలంగాణ పల్లెలకి తెలుసు. ఇంట్లో తయారీ అనగానే మన ప్రభుత్వానికీ మన అమ్మలకీ గుర్తొచ్చేది అదే, అందులో తప్పేమీ లేదు. బట్టీ పెట్టి తీసే సారా వేరు, గింజల కషాయాన్ని పులియబెట్టే బీరు వేరు. ఈ తేడాని ఎవరైనా ఓపికగా వివరిస్తే వినడానికి మన సమాజం సిద్ధంగా లేదని నేననుకోను. కానీ ఆ వివరించేవాళ్లు తమ వారపు అంకె తమకి తెలిసినవాళ్లై ఉండాలి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది చట్టం కాదు, లెక్క లేకపోవడం. సైబరాబాద్‌లో మేం స్టాకు అన్న మాటతోనే బతుకుతాం. ఎక్కడో చికాగోలో ఉన్న సూపర్‌మార్కెట్‌కి గోదాములో సరుకు ఎప్పుడు తగ్గుతుందో, ఎప్పుడు ఆర్డరు పెట్టాలో చెప్పే సాఫ్ట్‌వేర్ మా చేతుల మీదుగా వెళ్తుంది. ఇంటికొచ్చాక మనం ఎంత తాగుతున్నామో నిర్ణయించేది వైన్‌షాపు ఫ్రిజ్, ఆఫర్ల బోర్డు, పక్కవాడి గ్లాసు. అక్కడి ఇంటి బీరువాళ్లంతా మితంగా తాగుతారని చెప్పడం లేదు. కానీ ఐదు వారాల ముందే కాచాల్సిన మనిషి తన అలవాటుని కాగితం మీద చూసుకోక తప్పదు. ఆ అంకె ఎక్కువైతే అది కూడా అతనికే మొదట తెలుస్తుంది.

మనకి నిలవ లెక్క రాదని మాత్రం అనలేం. మా అమ్మమ్మ ఆవకాయ పెట్టే రోజు లెక్కలు గుర్తున్నాయి. ఇంట్లో ఎంతమంది, హైదరాబాద్‌లో చదివే పిల్లలకి ఎంత, పెళ్లైన కూతుళ్లకి ఎంత అని ముందే అనుకుని కాయలు తెప్పించేది. చిన్న జాడీ ముందు వాడకానికి. పెద్ద జాడీ వాసెన కట్టి అటక మీదికి. వానాకాలం దాటేదాకా దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు, తడి చెయ్యి అసలే తగలకూడదు. ఇలాంటి లెక్కే బవేరియాలో బీరుకి ఉండేది. అక్కడ 1553లో డ్యూక్ అయిదో ఆల్బ్రెక్ట్ ఏలుబడిలో వచ్చిన శాసనం ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు కాచడాన్ని నిషేధించింది. ఎండాకాలపు వేడికి బీరు చెడిపోయేది, పొయ్యిలతో అగ్నిప్రమాదాలు జరిగేవి. దాంతో మార్చిలో కాస్త ఘాటుగా కాచి, చల్లని నేలమాళిగల్లో దాచి, ఎండాకాలం గడిపేవారు. మార్ట్‌సెన్ అనే బీరుకి ఆ పేరు మార్చి నెల వల్లే వచ్చింది. మా అమ్మమ్మ మే నెలలో చేసిన పని, బవేరియన్లు మార్చిలో చేసిన పని ఒక్కటే. ఒక ఋతువు చేతిలో ఉండగా తర్వాతి ఋతువులకి దాచడం.

తేడా ఎక్కడుందంటే, మన పులిసే వంటకాలకి రెండే గడియారాలు. ఇడ్లీ పిండికి, పెరుగుకి ఒక్క రాత్రి. ఆవకాయకి ఒక ఏడాది. కల్లు అయితే చెట్టు మీద లొట్టిలో ఉండగానే పులియడం మొదలై, పొద్దున దించితే సాయంత్రానికి పుల్లబడిపోతుంది. దాన్ని ఆపడం తెలియక కాదు, ఆ రోజే తాగేయడం మన పద్ధతి. ఇప్పుడు నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్ ఉంది. సూర్యోదయానికి ముందు దించిన నీరాని పులియకుండా చల్లగా ఉంచి గ్లాసులో పోసి ఇస్తారు. గీత కార్మికుల సరుకుకి చల్లదనం, సమయం కలిపితే ఏం చేయవచ్చో అది చూపిస్తోంది. నాలుగు వారాలు, ఎనిమిది వారాలు, ఆరు నెలలు అన్న మధ్య గడియారాలే మన చేతికి ఇంకా అలవాటు కాలేదు.

ఈ మధ్య గడియారాలు మన ఊళ్లో చట్టబద్ధంగా తిరిగే చోటు మైక్రోబ్రూవరీ. గత పదేళ్లలో జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా అవి వచ్చాయి. గాజు గోడ వెనక మెరిసే ట్యాంకులు చూస్తూ కూర్చుని తాగుతాం. నేను వెళ్లిన చోట్ల ఎక్కువగా కనిపించేవి గోధుమ బీర్లు. త్వరగా తయారయ్యేవి, తాజాగా తాగాల్సినవి కాబట్టి మన ఎండలకీ, వారాంతపు రద్దీకీ అవే సరిపోతాయి. మామూలు ఏల్ ఈస్ట్ 20 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేస్తుంది. మేలో 40 దాటే ఊళ్లో ప్రతి ట్యాంకునీ కరెంటు పెట్టి చల్లబరచాల్సిందే. అలాంటిచోట ఒక ట్యాంకుని ఎనిమిది వారాలు లాగర్‌కి వదిలేయడం ఖర్చుతో కూడిన పని. యజమానుల ఇబ్బంది అర్థమవుతుంది. అయినా నాలుగైదు ట్యాంకుల్లో ఒక్కటి ఏడాదికి ఒక్కసారి నెమ్మదిగా మాగేదానికి కేటాయించి, కార్తీకం చలిలో తెరిస్తే దాని కోసం ఎదురుచూసేవాళ్లు ఈ ఐటీ కారిడార్‌లో కచ్చితంగా ఉన్నారు.

ఇంకొకటి కూడా సాధ్యమే. సోమ, మంగళవారాల్లో ఖాళీగా ఉండే అవే బ్రూవరీలలో, లైసెన్సు ఉన్న బ్రూవర్ చేతి కింద, 21 ఏళ్లు దాటినవాళ్లకి నేర్పే తరగతులు పెట్టవచ్చు. కాచేది వాళ్ల ట్యాంకులోనే, పన్ను కట్టేదీ వాళ్లే. నేర్చుకునేవాళ్లు హైడ్రోమీటరు ముంచుతారు, తేదీలు రాస్తారు, ఆరు వారాల తర్వాత వచ్చి రుచి చూస్తారు. ఇలాంటివి కొన్నేళ్లు నడిచి నమ్మకం కుదిరాక, అమ్మకానికి కాకుండా ఇంటికి కొద్ది లీటర్ల అనుమతి ఇవ్వమని ఎక్సైజ్ శాఖని అడగవచ్చు. అమెరికాలో కూడా 1933 నుంచి 1978 దాకా 45 ఏళ్లు పట్టింది.

అంతదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. మైక్రోబ్రూవరీ మెనూలో బీరు పేరు, ఆల్కహాలు శాతం, ధర చూశాను గానీ కాచిన తేదీ నేనెక్కడా చూడలేదు. పాల ప్యాకెట్ మీద తేదీ చూడకుండా ఇంటికి తెచ్చుకోం కదా. ఈసారి గచ్చిబౌలిలోనో జూబ్లీహిల్స్‌లోనో గ్లాసు ముందు కూర్చున్నప్పుడు, ఆ బీరుని ఏ రోజు కాచారో, ఎన్ని వారాలు ట్యాంకులో ఉంచారో దయచేసి అడగండి.