అంతర్జాతీయ సంబంధాలు మనకెందుకు?



పీజీలో అంతర్జాతీయ సంబంధాలు తీసుకుంటా అంటే హాస్టల్లో సీనియర్ అన్న నవ్విండు. "మన ఊరికి బస్సే రాదు, నీకు అమెరికా, రష్యా గొడవెందుకురా?" అన్నడు. ఆ మాటకే ఈ పోస్టు.

ఈ సబ్జెక్టుకు తొలి ప్రొఫెసర్ పీఠం 1919లో వేల్స్‌లోని ఆబరిస్ట్‌విత్‌లో పెట్టారు. అంత పెద్ద యుద్ధం మళ్లీ రావద్దని. ఉద్దేశం మంచిదే. కానీ నాలుగేళ్లకే, 1923లో, కెనడా నుంచి డెస్కాహే అనే ఆదివాసీ నాయకుడు జెనీవా పోయి నానాజాతి సమితి తలుపు తట్టాడు. మాతో చేసుకున్న ఒప్పందాలు ఉన్నాయి, మా మాట వినండి అన్నాడు. బ్రిటన్, కెనడా అడ్డుపడ్డాయి. సభలో మాట్లాడనివ్వలేదు. దేశమైతేనే లెక్క, జాతి లెక్క కాదు.

నా టెక్స్ట్‌బుక్కు కూడా ఇప్పటికీ అట్లనే ఉంది. అన్నీ దేశాలే, మనం లేం.

2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటనకు 144 దేశాలు ఓటేశాయి. ఇండియా కూడా వేసింది. కానీ వేస్తూనే, మా దేశంలో అందరూ మూలవాసులే అని చెప్పింది. అందరూ మూలవాసులే అయితే ఆ హక్కులు ప్రత్యేకంగా మనకు ఎట్ల దక్కుతాయి? ఐఎల్ఓ 1989లో తెచ్చిన 169వ ఒప్పందాన్ని అయితే ఇండియా ఆమోదించనే లేదు.

అన్నా, ఊరికి బస్సు కోసం కలెక్టరేట్‌కు పోతాం. ఈ ప్రశ్నకు ఎక్కడికి పోవాలి? ఆ దారి తెలియాలంటే మనలో కొందరన్నా ఈ సబ్జెక్టు చదవాలి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఇంగ్లీష్ పుస్తకం పేజీకి గంట పడుతోంది. అయినా చదువుతా. తోడుగా ఎవరొస్తారు?