'ఓవర్‌లుక్' చేశా అంటే.. చూసినట్టా, చూడనట్టా?

సైదాబాద్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఏ గోడ చూసినా ఉద్యోగాల పోస్టర్లే. 'వాక్-ఇన్', '2025 పాసౌట్స్', 'స్టార్టప్‌లో జాబ్స్'.. ఈ మాటల్లో ఓ పోలిక ఉంది, గమనించారా? ఒక మామూలు క్రియ, పక్కన ఇన్, ఔట్, అప్ లాంటి బుల్లి మాట. ఇలాంటి జంటల్నే ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. లోగన్ పియర్సల్ స్మిత్ అనే రచయిత 1925లో తన పుస్తకంలో వాడాక ఈ పేరు బాగా ప్రచారంలోకి వచ్చింది.

చిక్కెక్కడంటే, తెలిసిన రెండు మాటలు కలిసి తెలియని మూడో అర్థం పుడుతుంది. ఇంటర్వ్యూ 'పుట్ ఆఫ్' అయిందంటే వాయిదా పడిందని. 'కాల్ ఆఫ్' అయిందంటే రద్దయిపోయిందని. మొదటిదైతే ప్రిపరేషన్ ఆపొద్దు. రెండోదైతే ఇంకో కంపెనీ చూసుకోవాలి!

నిజానికి ఇది మనకు కొత్తేం కాదు. 'బాల్ కొట్టాడు' వేరు, 'ఫోన్ కొట్టేశాడు' వేరు. 'పట్టుకో' వేరు, 'పట్టించుకో' వేరు. వీటిని ఎవరైనా లిస్టు రాసుకుని బట్టీ పట్టామా? వాక్యాల్లో విని నేర్చుకున్నాం, అంతే.

విడిగా ఉంటే పని, అతికితే పేరు

'ప్లీజ్ లాగ్ ఇన్' అన్నప్పుడు అది చేసే పని కాబట్టి రెండు మాటలుగా రాయాలి. 'మై లాగిన్ ఈజ్ నాట్ వర్కింగ్' అంటే నామవాచకం, ఒకే మాట. బ్యాకప్, సెటప్, షట్‌డౌన్, లేఆఫ్ అన్నీ ఇంతే. డౌట్ వస్తే చిన్న టెస్ట్ పెట్టండి: భూతకాలంలోకి మార్చి చూడండి. 'లాగ్డ్ ఇన్' అంటాం గానీ 'లాగిన్డ్' అనం కదా! అంటే క్రియ విడిగానే ఉండాలన్నమాట. పలకడంలోనూ తేడా ఉంది. నామవాచకమైతే మొదటి భాగాన్ని ఒత్తి పలుకుతారు. క్రియ అయితే సాధారణంగా ఒత్తు చివరి మాట మీద పడుతుంది.

బుల్లి మాట ముందుకొస్తే?

అసలు మజా ఇక్కడే. ఎల్బీ నగర్ రోడ్డు మీద బైక్ బస్సును దాటేస్తే 'ఓవర్‌టేక్'. ఒక కంపెనీ ఇంకో కంపెనీని చేతుల్లోకి తీసుకుంటే 'టేక్ ఓవర్'. 'సెట్ అప్' అంటే ఏర్పాటు చేయడం, 'అప్‌సెట్' అంటే మనసు పాడుచేయడం.

రిపోర్ట్ మొత్తం చదివి, మేనేజర్‌కి 'ఐ ఓవర్‌లుక్డ్ ద రిపోర్ట్' అని మెయిల్ పెట్టారనుకోండి. ఆయనకు అర్థమయ్యేది 'రిపోర్ట్‌ను గమనించకుండా వదిలేశా' అని. మీ కష్టమంతా గోవిందా! అక్కడ రాయాల్సింది 'ఐ లుక్డ్ ఓవర్ ద రిపోర్ట్'. మాటలు అవే, చోటు మారిందంతే.

ఇంటర్వ్యూలో జాగ్రత్త

'ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2025' అంటే మన దగ్గర డిగ్రీ పూర్తయిందని అందరికీ తెలుసు. అదే అమెరికా క్లయింట్‌కి 'స్పృహ తప్పి పడిపోయా' అన్నట్టు వినిపిస్తుంది. అలాగని అది పుట్టుకతోనే తప్పు మాటేం కాదు. సైన్యంలో, పోలీసు శాఖలో శిక్షణ పూర్తవడాన్ని అలాగే అంటారు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోలీస్ అకాడమీలో జరిగేది పాసింగ్ ఔట్ పరేడే. కాకపోతే వినేది ఎవరో చూసుకోవాలి. 'గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2025' అంటే ఎక్కడైనా చెల్లుతుంది.

తెలుగు మీడియంలో చదివి, హాస్టల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఒక్క మాట. ఇది పెద్ద పెద్ద పదాల వ్యవహారం కాదు. గెట్, పుట్, టేక్, లుక్.. అన్నీ మీకొచ్చినవే. ఐదొందల ఫ్రేజల్ వెర్బ్స్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి మర్చిపోయే బదులు, రోజూ కంటపడిన ఒక్క జంటను పూర్తి వాక్యంతో ఫోన్‌లో నోట్ చేసుకోండి. నెలకు ముప్ఫై వాక్యాలు. అవి అవసరానికి నోటికొస్తాయి.

ఈ వారం హోంవర్క్: 'లుక్ ఔట్', వార్తల్లో వినే 'లుకౌట్' నోటీసు, మెయిల్ యాప్ 'ఔట్‌లుక్'. మూడింటికీ తేడా ఏంటి? ముందు మీరు చెప్పండి, గూగుల్‌ని తర్వాత అడుగుదాం!