పొమ్మంటే పోవాల్సిందేనా?

పెళ్లయిన పిల్ల ఒంటి మీద దెబ్బలు కనిపిస్తే చుట్టుపక్కల వాళ్లు అడిగే మొదటి మాట, “ఏం చేశావమ్మా?” అని. కొట్టినవాడిని ఎవరూ ఏమీ అడగరు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్ల ముందు ఏడు కారణాలు పెట్టారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగ్గా చేయకపోవడం, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోవడం లాంటివి. వీటిలో ఏ ఒక్కదానికైనా మొగుడు కొట్టడం సబబేనా అంటే ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ నూటికి 84 మంది దాకా సబబే అన్నారు. కొట్టేవాళ్లు కాదు, దెబ్బలు తినేవాళ్లే చెప్పిన జవాబు ఇది!

అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ప్రతి పదిమందిలో ముగ్గురు భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు. దేశం మొత్తమ్మీద చూస్తే హింసకు గురైనవాళ్లలో సాయం అడిగింది నూటికి 14 మందే. 77 మంది ఎవరికీ చెప్పనే లేదు. బాత్‌రూమ్‌లో జారిపడ్డానని, తలుపు తగిలిందని చెప్పి కట్టు కట్టించుకుని వచ్చేస్తారు. నిద్ర పట్టదు, తలనొప్పి పోదు. వీధి చివర బండి చప్పుడు విని నాన్న ఇవాళ ఎలా వస్తున్నాడో పసిపిల్లలు చెప్పేస్తారు. ఆ విద్య వాళ్లకు ఏ బడిలోనూ నేర్పలేదు.

ఇంత భరిస్తూ ఎందుకు ఊరుకుంటారు? చాలామందికి సమస్య చట్టం కాదు, రాత్రికి ఎక్కడ పడుకోవాలన్నదే. “ఇది మా ఇల్లు, నువ్వు మీ పుట్టింటికి పో” అనే ఒక్క మాట ముందు ఎంతటి చదువుకున్న పిల్లయినా నోరు మూసుకుంటుంది. పుట్టింట్లో ఇంకో చెల్లెలు పెళ్లికి ఉంటుంది. లేదంటే వదిన ఉంటుంది.

2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహహింస నిరోధక చట్టం పట్టుకున్నది సరిగ్గా ఈ ముడినే. కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది, ఇల్లు ఆమె పేరున లేకపోయినా సరే అంది. అయితే రెండు నెలలు తిరక్కుండానే, అదే ఏడాది డిసెంబరు 15న బత్రా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ హక్కును కుదించేసింది. ఇల్లు అత్తగారిదైతే కోడలు అక్కడ ఉంటానని అడగడానికి లేదంది. మన ఇళ్లు ఎక్కువగా ఎవరి పేరున ఉంటాయి? కొడుకు పేరున కాదు, మామగారి పేరునో, అత్తగారి పేరునో ఉంటాయి. కోడలిని బయటికి పంపాలనుకున్న కుటుంబాలకు దస్తావేజు ఒక్కటే సరిపోయింది. దాదాపు పద్నాలుగేళ్లు అలాగే నడిచింది. 2020 అక్టోబరు 15న సతీష్ చందర్ అహూజా కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ పాత తీర్పు సరికాదని తేల్చింది. అత్తమామల ఇల్లయినా ఆమె అక్కడ కాపురం చేసి ఉంటే అది ఉమ్మడి నివాసమే. అలాగని వృద్ధులైన అత్తమామల గోడు కోర్టు వినదని కాదు. ఇద్దరి సంగతీ చూస్తుంది. అవసరమైతే ఆమెకు వేరే ఇల్లు చూపించమని, అద్దె కట్టమని భర్తను ఆదేశిస్తుంది. అంతేగానీ సామాను వీధిలో పడేసే అధికారం ఎవరికీ లేదు.

మైలవరంలో పుట్టి ఎక్కడో దూరాన కాపురానికి వెళ్లిన అమ్మాయి దెబ్బలు తిని అమ్మానాన్నల దగ్గరికి వచ్చేసిందనుకుందాం. కేసు కోసం మళ్లీ ఆ ఊరే పోనక్కర్లేదు. తాత్కాలికంగానైనా ఆమె ఉంటున్న చోటి మేజిస్ట్రేటుకే అర్జీ పెట్టుకోవచ్చు, అంటే మైలవరం కోర్టులోనే. ఎఫ్‌ఐఆర్ ఉండాలన్న నియమం లేదు. మొగుణ్ని జైల్లో పెట్టించే కేసు వేరు, అది పాత శిక్షాస్మృతిలో 498ఎ, 2024 జులై నుంచి న్యాయసంహితలో 85వ సెక్షను. ఇక్కడ అడిగేది రక్షణ, ఉండే చోటు, ఖర్చులు, పిల్లలు. మామిడి కోతలకు వెళ్లి తెచ్చుకున్న కూలి డబ్బులు లాక్కోవడం, పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం అమ్మేయడం కూడా ఈ చట్టం లెక్కలో హింసే. ఆమె రాలేకపోతే పక్కింటావిడ కబురు చేసినా చాలు. మంచి మనసుతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని చట్టంలోనే రాశారు. లాయరు ఫీజు గురించి కూడా బెంగ అక్కర్లేదు. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 181కి ఫోను చేసినా దారి చెబుతారు.

మొదటి అర్జీలో అన్నీ చెప్పలేకపోవడం కూడా మామూలే. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో భార్య తన అర్జీలో కొన్ని కోరికలు తర్వాత చేర్చుకుంటానంది. అలా మార్చడానికి చట్టంలో వీల్లేదని భర్త సుప్రీంకోర్టు దాకా పోయాడు. 2016 ఏప్రిల్‌లో కోర్టు ఆమె పక్షానే నిలిచింది.

చిక్కల్లా అమలులోనే. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో, తీర్పు 60 రోజుల్లో అని పుస్తకంలో ఉంది. కోర్టు మెట్లెక్కినవాళ్లు ఆ 60 రోజుల మాట వింటే నవ్వుతారు. రక్షణాధికారి జిల్లా కేంద్రంలో ఉంటారు, ఆ అధికారికి ఇంకా సవాలక్ష పనులుంటాయి. అందుకే మధ్యంతర ఉత్తర్వు ముందే అడగడం తెలివైన పని. అవతలివాళ్లు రాకపోయినా మేజిస్ట్రేటు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వు నకలు ఆమెకు ఉచితంగా ఇవ్వాలి, పోలీస్ స్టేషనుకూ ఒకటి వెళ్లాలి. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ కాగితం జిరాక్సు ఒకటి పెట్టెలో, ఇంకొకటి నమ్మకస్తుల ఇంట్లో ఉంచుకోమని అనుభవమున్న లాయర్లు చెబుతారు. కొట్టేవాడు ముందు చింపేది దాన్నే మరి.