పిల్లకి ర్యాంకు రాలేదా?

పోయిన వారం రెండ్రోజులు సెలవు పెట్టి కొవ్వూరు వెళ్ళాను. గోదావరి గట్టు మీద గాలి పీల్చుకోడానికి కాదు, పంచాయితీకి. మా బాబాయ్ గారి అమ్మాయి ఈ ఏడు ఇంటర్ పాసయింది. ఎంసెట్ (ఇప్పుడు పేరు మారింది లెండి) రాసింది, మంచి ర్యాంకే వచ్చింది. కానీ ఇంజనీరింగ్ వద్దు, సంగీత కళాశాలలో చేరతానంటోంది. అక్కడ గురువుల ముందు కూర్చుని పాడి వినిపిస్తేనే సీటు. ఆ పరీక్షకి మూణ్ణెల్లుగా తయారవుతోంది.

"ఒరేయ్, నువ్వు సాఫ్ట్‌వేర్ వాడివి, నువ్వు చెబితే వింటుందిరా" అని బాబాయ్ ఫోను. మనమేమో ఇంటికంతటికీ పెద్ద సక్సెస్ స్టోరీ కదా, బయల్దేరాను. ఆటో దిగి సంచీ కింద పెట్టకముందే ఎదురింటి మావయ్య గారు అడిగిన మొదటి మాట: "ఏవయ్యా, పిల్లకి ర్యాంకు రాలేదా? సంగీతం అంటోందట?"

ఈ టపా ఆ ఒక్క ప్రశ్న గురించే.

మర్నాడు పొద్దున్న అయిదింటికి తంబురా శ్రుతి వినిపించి మెలకువొచ్చింది. ఫోన్లో శ్రుతి పెట్టుకుని ఆకారం మొదలెట్టింది మా చెల్లి. తర్వాత సరళీ వరుసలు మూడు కాలాల్లో. తర్వాత వర్ణం, తాళం వేస్తూ. మొదటి కాలం బాగానే ఉంది. రెండో కాలంలోకి వెళ్ళేసరికి ఒక చోట పరుగెత్తుతోంది. నాకు తెలీలేదు, తనకి తెలిసింది. ఆపేసింది. మళ్ళీ మొదట్నుంచి. ఎన్నిసార్లు పాడిందో లెక్కపెట్టడం మానేశాను. చివర్లో రికార్డు చేసుకున్నది విని, ఎక్కడ శ్రుతి జారింది, ఎక్కడ తాళం తప్పింది తేదీ వేసి పుస్తకంలో రాసుకుంది. మనం బగ్గులు రాసుకుంటామే, అచ్చం అలాగే. కాకపోతే తన బగ్గు మూసేముందు తనే నిజంగా సరిచేస్తుంది. వారానికి మూడ్రోజులు బస్సులో గోదావరి దాటి రాజమండ్రిలో గురువు గారి దగ్గర కూర్చుంటుంది.

ఇప్పుడు మన సంగతి. రెండేళ్ళ క్రితం కంపెనీ మారడానికి నేను నాలుగు నెలలు తయారయ్యాను. ఇంట్లో టీవీ కట్టేశారు, అమ్మ అర్ధరాత్రి కాఫీ పెట్టింది. దండగని ఎవరూ అనలేదు. తీరా ఇంటర్వ్యూలో అడిగింది నేను ముందే చూసిన ప్రశ్న. మొదటిసారి చూస్తున్నట్టు మొహం పెట్టి, కాసేపు ఆలోచించినట్టు నటించి, జవాబు చెప్పేశాను. మీరూ నటించే ఉంటారు, పర్లేదు. సర్టిఫికేషన్లకి డంపులు బట్టీ పట్టినవాళ్ళం, లేని ఎక్స్‌పీరియన్స్ పెట్టుకున్నవాళ్ళని ఎరిగున్నవాళ్ళం. అదే కల్యాణి రాగంలో ప్రతి మధ్యమం కాస్త జారితే ఏ డంపు కాపాడుతుంది? పక్కనే తంబురా మోగుతూ ఉంటుంది, అది అబద్ధం ఒప్పుకోదు. ఇంత నిజాయితీ గల పరీక్షకి వెళ్ళే పిల్లని పట్టుకుని "ర్యాంకు రాలేదా" అంటామా!

మన తెలుగునాట ఈ చదువేమీ కొత్తది కాదు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. అక్కడ విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు విని, ఆయన్ని ఏకంగా అధ్యాపకుడిగానే తీసుకున్నారని చెబుతారు. ఆయనే 1936లో అక్కడ ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల ఉంగరం అమ్ముకుని ఆ కాలేజీ కోసం విజయనగరం వెళ్తే సెలవులు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. మధుకరం ఎత్తుకుని తిన్నాడాయన. పి. సుశీల చదివిందీ ఆ కాలేజీలోనే. ఘంటసాల విగ్రహానికి దండ వేస్తాం, ఎవరైనా పోతే ఆయన గీత మైకులో పెడతాం. ఘంటసాల పుట్టాలి, కానీ పక్కింట్లో!

బాబాయ్ ప్రశ్న మాత్రం కొట్టిపారేసేది కాదు. "మరి తిండెలా రా?" సంగీతం టీచరు పోస్టులు తక్కువ, కచేరీల మీద బతికేవాళ్ళు ఇంకా తక్కువ. నిజమే. రాగం తీయగలిగిన ప్రతి పిల్లనీ పంపమని నేననను. కానీ ఇలా పొద్దున్నే లేచి తన తప్పు తనే పట్టుకునే పిల్ల సంగతి వేరు. ఆ పట్టుదలతో రేపు పాఠం చెప్పుకునైనా బతుకుతుంది. మా క్లాసులో నాతో పాటు పట్టా పుచ్చుకుని ఇప్పటికీ ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళున్నారు. వాళ్ళని "తిండెలా" అని ముందే ఎవరూ అడగలేదు.

"ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకోవచ్చుగా" అంది పిన్ని. దానికి సాక్ష్యం నేనే. ఆరో తరగతి నుంచి టెన్త్ దాకా వయొలిన్ నేర్చుకున్నాను. ఇంటర్లో "రెండేళ్ళేగా" అని అటకెక్కించారు. పోయిన దసరాకి దించి చూశాను. తీగలు తుప్పు పట్టాయి. కొత్తవి వేయించి వాయిద్దామంటే వేళ్ళకి పంచమం ఎక్కడుందో తెలీలేదు. వారానికి ఓ గంట ఆన్‌లైన్ క్లాసు కట్టాను, ఆన్‌కాల్ దెబ్బకి అదీ పోయింది. మన ఉద్యోగాలు పక్కన ఇంకో విద్యని బతకనివ్వవండీ. అబద్ధం చెప్పి పిల్లని మోసం చెయ్యడమెందుకు?

బాబాయ్ ఒప్పుకోలేదు. పరీక్షకి మాత్రం తనే తీసుకెళ్తానన్నాడు. సీటొస్తే ఫీజూ, గది అద్దె నావి అన్నాను. ఇంజనీరింగ్ సీటు వచ్చే ఏడైనా దొరుకుతుంది, గొంతుకి పదిహేడో ఏడు మళ్ళీ రాదు.

మీకూ ఇంటి నుంచి ఇలాంటి ఫోనొస్తుంది. నీతులు మొదలెట్టే ముందు పిల్లని కూర్చోబెట్టి ఒక్క వర్ణం పూర్తిగా వినండి. ఆ తర్వాత కూడా వద్దనాలనిపిస్తే అప్పుడనండి.

వచ్చేటప్పుడు మావయ్య గారు మళ్ళీ గుమ్మంలోనే ఉన్నారు. చెప్పొచ్చాను.

"ర్యాంకు వచ్చిందండీ. అయినా వెళ్తోంది."