పెనుకొండకు కావాల్సింది వెడల్పు కాదు

మా సత్యసాయి జిల్లాలో ఎవరిని కదిపినా ఒకటే మాట: రోడ్లు వెడల్పయితే తప్ప పాత ఊర్లు బాగుపడవు. హైవే పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచి 2019లోనే కార్లు బయటికొచ్చాయి, ఇక కోట కింద ఉన్న పెనుకొండను కూడా ఆ కొత్త లోకంతో కలిపేయాలి, అందుకు సందులు కొట్టి పెద్ద దారి వేయాలి అంటారు. హిందూపురం బజారుకూ ధర్మవరం నేతగాళ్ల వీధులకూ ఇదే మందు రాసిస్తున్నారు. ఈ వాదన తప్పు. పేదవాడి ఇంటిని ఖాళీ స్థలం కింద లెక్కగట్టే వాదన ఇది.

1565 రక్కసి-తంగడి యుద్ధం తర్వాత తిరుమలరాయలు విజయనగర రాజధానిని పెనుకొండకు తెచ్చాడు. గగన్ మహల్, షేర్ ఖాన్ మసీదు, పార్శ్వనాథ స్వామి ఆలయం, బాబయ్య దర్గా అన్నీ ఒక పూటలో నడిచి చూడగలిగినవే. వాటి మధ్యే జనం కాపురాలు చేస్తున్నారు. ఆ వీధులను హైవేలా చేస్తే వచ్చినవాడు కారు దిగి, ఫొటో తీసుకుని, లేపాక్షికి వెళ్లిపోతాడు. వాడు టీ తాగాలన్నా, పూలు కొనాలన్నా వీధిలో అంగళ్లుండాలి. వెడల్పులో మొదట పోయేవి ఆ అంగళ్లే.

ధర్మవరంలో సంగతి ఇంకా కఠినం. పట్టుచీర నేసే గుంట మగ్గాన్ని ఇంట్లో నేల తవ్వి పెడతారు. నేతగాడు గుంటలోకి కాళ్లు దించి తొక్కుతూ నేస్తాడు. నెత్తిన డిజైను నేయించే జకార్డు, దానికి తగిన కప్పు ఎత్తు, పడుగు చాచడానికి తగిన పొడవు ఉండాలి. మగ్గం ముందుగదిలో ఉంటే, వీధివైపు నుంచి నాలుగడుగులు కొట్టినా అది పోతుంది. మేడ మీద గుంట తవ్వలేం కదా! కొలత తీసేవాడి కాగితం మీద అది నాలుగడుగుల గోడ. ఆ ఇంట్లో వాళ్లకు అది రోజుకూలి.

పరిహారం ఇస్తారుగా అంటారు. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకు చాలాచోట్ల డబ్బుకు బదులు టీడీఆర్ బాండు చేతిలో పెడుతున్నారు. అది అదనపు అంతస్తులు కట్టుకునే హక్కు. తాను కట్టుకోలేనివాడు దాన్ని అమ్ముకోవాలి. పెద్ద బిల్డర్లున్న నగరంలో కొనేవాడు దొరుకుతాడు. నేతగాళ్ల ఊర్లో ఎంతమంది దొరుకుతారు? మగ్గం పోయిన మరుసటి రోజు పొయ్యి వెలగాలంటే బాండు కాగితం పనికిరాదు.

వారసత్వం పేరు చెప్పి జనాన్ని తీసేయడం ఎలా ఉంటుందో చూడాలంటే హంపీ దగ్గరలోనే ఉంది. 2011 జూలైలో విరూపాక్ష బజారులోని కాపురాలనూ అంగళ్లనూ ఖాళీ చేయించి కూల్చారు. మంటపాలు మిగిలాయి, బజారు పోయింది. అంతకుముందు అక్కడే ఆనెగొందికి దారి అంటూ మొదలుపెట్టిన వంతెన కారణంగా యునెస్కో 1999లో హంపీని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ వంతెన 2009లో, కడుతుండగానే కూలి కూలీల ప్రాణాలు తీసింది. దారి వేస్తే అభివృద్ధి దానంతటదే నడిచొస్తుందని నమ్మేవాళ్లు ఈ చరిత్ర ఒకసారి చదవాలి.

అంబులెన్సు రావద్దా అని అడుగుతారు. తప్పకుండా రావాలి. దానికి వీధి మొత్తం కొట్టనక్కర్లేదు. మురుగు కాలువకు గట్టి మూతలు వేసి, అడ్డంగా నిలిపే బండ్లకు వేరే చోటు చూపించి, మలుపులో నిజంగా అడ్డమొచ్చే గోడ ఏదో తేల్చి, దానికి సరైన డబ్బిచ్చి తీసుకుంటే చాలు. పైగా మన ఎండలకు ఇరుకు సందే నీడ. మే నెల మధ్యాహ్నం వెడల్పయిన సిమెంటు రోడ్డు మీద నడిచినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

పాత ఊరిని కొత్త ఊరితో కలిపేది మనుషుల రాకపోకలు. ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడు కోట వీధిలో అద్దెకు దిగాలంటే నీళ్లు, మరుగుదొడ్డి, షిఫ్టు వేళలకు బస్సు ఉండాలి. పాత మిద్దెను బాగుచేసుకోవడానికి ఇంటి యజమానికి అప్పు పుట్టాలి. గొల్లపల్లి రిజర్వాయరు నుంచి ఫ్యాక్టరీకి నీళ్లు తేగలిగిన ప్రభుత్వానికి ఇవి పెద్ద పనులేం కావు. వీటికి శంకుస్థాపన శిలాఫలకాలు ఉండవు కాబట్టే వెనకబడుతున్నాయి.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాసులకు నాది ఒకటే విన్నపం. పెయింటు డబ్బాతో మార్కింగుకు వచ్చినప్పుడు ముందు వార్డు సభ పెట్టమనండి. ఏ ఇల్లు ఎన్ని అడుగులు పోతుందో, ఎన్ని మగ్గాలు, ఎన్ని అంగళ్లు లేస్తాయో తెలుగులో రాసి వీధి మొదట్లో అంటించమనండి. పరిహారం డబ్బుగా, కూల్చకముందే చెల్లించమనండి. ఇవి జరిగేదాకా మీ గోడ మీద గీత గీయనివ్వకండి.