మన గుడి రిజిస్టర్లను కాపాడండి

వరంగల్, ఆదిలాబాద్ మేత్రాణుల (బిషప్‌ల)కు,

కరీంనగర్ జిల్లాలో గుడి (చర్చి), బడి ఒకే ఆవరణలో ఉన్న విచారణలో (పారిష్‌లో) పెరిగినవాణ్ణి. పీఠబాలుడిగా ధూపకలశం పట్టుకుంటే బొగ్గు ఆరిపోకుండా ఊపుతూనే ఉండాలి. సాంబ్రాణి వాసన సోమవారం బడికి కూడా నా చొక్కాతోనే వచ్చేది. క్రిస్మస్‌కు పశువుల పాక కోసం వరిగడ్డి తెచ్చేది మేమే. కులమేదని అడగకుండా అందరినీ ఒకే బెంచీపై కూర్చోబెట్టిన సిస్టరమ్మలకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

పెళ్ళికి సర్టిఫికెట్ కోసం వెళ్ళినప్పుడు జ్ఞానస్నాన రిజిస్టర్ చూశాను. నా పేరు, అమ్మానాన్నల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు వెలిసిన నీలి సిరాలో ఉన్నాయి. అంచులను చెదలు తినేశాయి. ఊళ్ళో ఎందరో పేదల పేర్లు పుట్టిన ఏడాదే కాగితానికెక్కింది అక్కడే.

వరంగల్ మేత్రాసనం (డయోసిస్) 1952లో ఏర్పడింది. తొలి మేత్రాణులు ఇటలీ నుంచి వచ్చిన అల్ఫాన్సో బెరెట్టా. ఆదిలాబాద్ 1999లో చాందా మేత్రాసనం నుంచి విడివడింది. ఈ చరిత్రకు సాక్ష్యాలైన విచారణల దస్తావేజులు జాగ్రత్తగా ఉండేలా చూడటం, వాటి జాబితా ప్రతిని మేత్రాసనంలో ఉంచటం శ్రీసభ చట్టం చెప్పిన బాధ్యతే.

కాబట్టి ప్రతి విచారణ రిజిస్టర్లనూ, బడి అడ్మిషన్ పుస్తకాలనూ స్కాన్ చేయించండి. ముసలి ఉపదేశుల, టీచర్ల జ్ఞాపకాలను ఈ ఏడాదే రికార్డు చేయించండి. పూర్వ విద్యార్థులం ఖర్చులో పాలుపంచుకుంటాం, పనికీ వస్తాం.

మీ విచారణ బిడ్డ